వరుస వేరు, జాబితా వేరు

మాట వెంట మాట – ఈ నెల మాటలు: వరుస, వంతు, గడువు

 

డర్బన్‌లో లిచీ పండ్లు అయిపోయే వేళకు మెట్రిక్ ఫలితాలు వస్తాయి. ఇక మన ఇళ్లలో రెండు ప్రశ్నలే వినిపిస్తాయి. "ఎలా పాసయ్యాడు?" అని ఒకటి. "సీటు వచ్చిందా?" అని ఇంకొకటి. మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క రోజులో తెలుస్తుంది. రెండో ప్రశ్నకు కొందరు "వచ్చింది" అంటారు, కొందరు "రాలేదు" అంటారు. కొందరు మాత్రం కొంచెం ఆగి, "వెయిటింగ్ లిస్టులో ఉంది" అంటారు.

ఈ నెల ఆ మూడో జవాబు గురించి మాట్లాడుకుందాం. నేను ముప్పై ఎనిమిదేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. అయినా ఆ జవాబుకు సరైన అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు తెలియకపోవడం వల్ల నా కొడుకు ఒక సంవత్సరం పోగొట్టుకున్నాడు. మీ ఇంట్లో అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం.

తెలుగులో "వరుస" అంటే లైను. గుడిలో ప్రసాదం కోసం వరుసలో నిలబడతాం. "వరుస" అంటే చుట్టరికం కూడా. "ఆమె నీకు ఏ వరుస అవుతుంది?" అని అడిగితే, "నాకు అత్త వరుస" అని చెబుతాం. మా అవ్వ, "వరుస తెలియకుండా పిలవకు" అని మమ్మల్ని కోప్పడేది. లైనులోనైనా, చుట్టరికంలోనైనా, వరుస అంటే ఎవరి చోటు వారికి ఉంటుంది. ఆ చోటు మారదు.

వరుసలో ఉన్నవాళ్లకు "వంతు" వస్తుంది. ముందున్న మనిషి వెళ్లిపోతే మనం ఒక అడుగు ముందుకు వేస్తాం. ఆలస్యంగా వచ్చినవాడు వెనక నిలబడతాడు. ఓపికగా నిలబడితే చాలు, మన వంతు తప్పకుండా వస్తుంది.

"జాబితా" అలాంటిది కాదు. జాబితా అంటే పేర్లు రాసిన కాగితం. మన కుటుంబాలకు జాబితా కొత్త కాదు. 1860 నవంబర్ 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి వచ్చి డర్బన్ రేవులో ఆగింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నటాల్‌కు వచ్చారు. ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు పేరు ఓడ జాబితాలో రాశారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చారు. మనలో చాలామంది ఆ జాబితాల్లోనే ముత్తాతల పేర్లు వెతుక్కున్నాం. కానీ ఎవరు ఏ చెరకు తోటకు వెళ్లాలో జాబితాలో పేరు ముందుందా, వెనకుందా అని చూసి నిర్ణయించలేదు. కాగితం ఎవరి చేతిలో ఉందో వాళ్లే నిర్ణయించారు.

వరుసకూ జాబితాకూ ఉన్న తేడా అదే. వరుసలో నీ వంతు ఎప్పుడొస్తుందో నీకు కనిపిస్తుంది. జాబితాలో కనిపించదు. వెయిటింగ్ లిస్టు పేరుకు తగ్గట్టే జాబితా. నేను దాన్ని వరుస అనుకున్నాను.

ఇక మా ఇంటి కథ.

సుమారు ఇరవై ఏడేళ్ల కిందటి మాట. మా పెద్దవాడు మెట్రిక్ పాసయ్యాడు. మార్కులు బాగానే వచ్చాయి. సివిల్ ఇంజనీరింగ్ చదవాలని వాడి ఆశ. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. "క్లాసు నిండిపోయింది. మీ పేరు వెయిటింగ్ లిస్టులో ఉంచాం" అని ఉంది. అదే వారం ఒక టెక్నికాన్ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. సర్వేయింగ్ కోర్సులో సీటు ఇస్తామని, పది రోజుల్లో జవాబు చెప్పాలని రాశారు.

వాడు వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఈ టెక్నికాన్ ఉత్తరానికి జవాబు రాయమంటావా?" అని అడిగాడు.

నేను పప్పు తాలింపు వేస్తున్నాను. ఆ రోజు నేనన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "తొందరెందుకురా? నువ్వు వరుసలో ఉన్నావు కదా. నీ వంతు వస్తుంది. చదవని చోట సీటు పట్టుకుని కూర్చోవడం మర్యాద కాదు. అది ఇంకో బిడ్డకు పోనీ."

నేను మంచి మాటే చెప్పాననుకున్నాను. పది రోజులు గడిచాయి. ఫిబ్రవరి వచ్చింది. ఫోను మోగినప్పుడల్లా వాడు లేచేవాడు. చివరకు ఒక చిన్న ఉత్తరం వచ్చింది. సీటు లేదు. టెక్నికాన్‌కు ఫోన్ చేస్తే, "ఆ సీటు వేరేవాళ్లకు ఇచ్చేశాం" అన్నారు. "రెంటికీ చెడ్డ రేవడి" అని మన సామెత. రెండు చోట్లా పోగొట్టుకున్నవాడు అని దాని అర్థం. వాడు ఆ సంవత్సరమంతా మా చిన్నాన్న కొడుకు హార్డ్‌వేర్ కొట్లో మేకులు, పెయింటు డబ్బాలు అమ్మాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ జాబితా ఎలా నడుస్తుంది?

ఒక క్లాసులో 100 సీట్లు ఉన్నాయనుకుందాం. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. ల్యాబులో బల్లలు ఎన్ని, చెప్పేవాళ్లు ఎంతమంది, ఆసుపత్రిలో శిక్షణకు చోటు ఎంత అని లెక్క చూసి పెడతారు. మొత్తం ఎంతమందిని చేర్చుకోవాలో విశ్వవిద్యాలయాలు ఉన్నత విద్యాశాఖతో ముందే మాట్లాడుకుని ప్రణాళిక వేస్తాయి. అందుకే "ఇంకో కుర్చీ వేయండి సార్" అంటే వాళ్లు వేయలేరు.

మరి వాళ్లు 100 మందికే సీటు ఇస్తామని ఉత్తరాలు పంపుతారా? సాధారణంగా అలా చేయరు. ఒక్కో పిల్లవాడు నాలుగైదు కోర్సులకు దరఖాస్తు పెడతాడు. కొందరికి రెండు మూడు చోట్ల సీటు వస్తుంది. వాళ్లు ఒక్క చోటే చేరతారు. అందుకని విశ్వవిద్యాలయం ఒక అంచనా వేసుకుని, 100 సీట్లకు 130 మందికి ఆఫర్ ఇవ్వవచ్చు. వాళ్లలో 95 మందే చేరితే అయిదు సీట్లు ఖాళీ. అప్పుడు వెయిటింగ్ లిస్టు తెరుస్తారు. 104 మంది చేరితే ఆ ఏడు లిస్టు అసలు తెరవరు. ఈ అంకెలు ఉదాహరణకు చెప్పాను. పద్ధతి మాత్రం ఇంతే.

ఖాళీ వస్తే ఎవరిని పిలుస్తారు? ముందు దరఖాస్తు పెట్టినవాడిని పిలుస్తారని చాలామంది అనుకుంటారు. చాలా కోర్సుల్లో పిలిచేది పాయింట్లు ఎక్కువ ఉన్నవాళ్లను. మన దేశంలో ఒక్కో సబ్జెక్టు మార్కును ఒక్కో మెట్టుగా లెక్కపెడతారు. 80 దాటితే 7 పాయింట్లు, 70 దాటితే 6, అలా కిందికి వస్తాయి. వాటిని కూడితే వచ్చేదే ఏపీఎస్. కొన్ని కోర్సులు గణితం, ఫిజికల్ సైన్స్ మార్కులను విడిగా కూడా చూస్తాయి. డిసెంబర్‌లో పదకొండో గ్రేడు మార్కులతో లిస్టులో అయిదో పేరు మీదైనా, జనవరిలో మెట్రిక్ మార్కులు రాగానే ఆ జాబితా మళ్లీ తిరగరాస్తారు. అయిదో పేరు ఇరవైకి పోవచ్చు. ఇరవయ్యో పేరు రెండుకు రావచ్చు. వరుసలో ఇలా జరగదు. జాబితాలో జరుగుతుంది.

ఇంకో మాట. "బ్యాచిలర్ పాస్" వస్తే డిగ్రీకి సీటు వచ్చినట్టే అని మన పెద్దవాళ్లు అనుకుంటారు. కాదు. బ్యాచిలర్ పాస్ డిగ్రీకి దరఖాస్తు పెట్టే అర్హత మాత్రమే ఇస్తుంది. తలుపు దగ్గరికి రానిస్తుంది, లోపల కుర్చీ ఇవ్వదు.

జాబితా ఎప్పుడు కదులుతుంది? ముఖ్యంగా మూడు సమయాల్లో. మొదటిది, మెట్రిక్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులు. షరతు మీద ఆఫర్ పొందినవాళ్లలో కొందరికి కావలసిన మార్కులు రావు. వాళ్ల సీట్లు ఖాళీ అవుతాయి. రెండోది, ఆఫర్‌కు జవాబు చెప్పే గడువు దాటిన రోజు. జవాబు చెప్పనివాళ్ల సీట్లు పోతాయి. మూడోది, రిజిస్ట్రేషన్ ముగిసే వారం. "వస్తాను" అన్నవాళ్లలో కొందరు రారు. ఒకరికి డబ్బు కుదరదు, ఒకరు వేరే ఊరికి వెళతారు. ఆ వారంలో ఫోన్లు మోగుతాయి. క్లాసులు మొదలై కొన్ని రోజులయ్యాక జాబితా మూసేస్తారు. తర్వాత ఖాళీ వచ్చినా పిలవరు. పాఠాలు చాలా ముందుకు వెళ్లి ఉంటాయి కాబట్టి.

క్వాజులు-నటాల్‌లో ఉన్నవాళ్లకు సెంట్రల్ అప్లికేషన్స్ ఆఫీస్ తెలిసే ఉంటుంది. మనం సీఏఓ అంటాం. అది డర్బన్‌లోనే ఉంది. క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయం, డర్బన్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ, మంగోసూతు, జులులాండ్ ఈ నాలుగింటికీ అక్కడే ఒక్క దరఖాస్తు పెట్టవచ్చు. అందులో ఆరు కోర్సుల వరకు రాయవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి. సీఏఓ దరఖాస్తులు తీసుకుని అందజేస్తుంది. సీటు ఇచ్చేది, లిస్టు నడిపేది విశ్వవిద్యాలయమే. అందుకే లిస్టు గురించి అడగాలంటే ఆ కోర్సు ఉన్న ఫ్యాకల్టీ ఆఫీసును అడగాలి.

అడగడానికి నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. మా వాడే వీటిని ఒక కాగితం మీద రాశాడు. ఎందుకు రాశాడో తర్వాత చెబుతాను. మీరూ రాసుకోండి.

ఒకటి: "ఈ జాబితాకు క్రమం ఉందా? ఉంటే నా స్థానం చెబుతారా?" కొందరు చెబుతారు, కొందరు చెప్పరు. అడగడంలో తప్పు లేదు.

రెండు: "ఈ జాబితా ఏ తేదీన మూసేస్తారు?" ఆ తేదీ తెలిస్తే ఎంతవరకు ఆశ పెట్టుకోవాలో తెలుస్తుంది.

మూడు: "నేను ఇంకో కోర్సులో చేరితే నా పేరు ఈ జాబితాలో ఉంటుందా, తీసేస్తారా?" అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒక్కో చోట ఒక్కో నియమం. దీన్ని నోటి మాటగా కాకుండా ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

నాలుగు: "ఖాళీ వస్తే ఎలా చెబుతారు? జవాబుకు ఎంత సమయం ఇస్తారు?" ఫోన్ చేస్తారా, ఎస్‌ఎంఎస్ పంపుతారా, ఈమెయిలా? ఒక్కోసారి ఒక్క రోజే ఇస్తారు.

నాలుగో ప్రశ్నకు జవాబు తెలిశాక ఇంట్లో చేయవలసిన పనులు ఉన్నాయి. దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు మార్చకండి. పండక్కి కొత్త సిమ్ కొని పాతది పారేసిన పిల్లలు నాకు తెలుసు. ఈమెయిల్‌లో స్పామ్ పెట్టె కూడా రోజూ చూడండి. ఫోను ఎప్పుడూ చార్జ్ చేసి ఉంచండి. ఐడీ కాపీ, మెట్రిక్ ఫలితాల కాగితం ఒక కవరులో పెట్టండి. రిజిస్ట్రేషన్‌కు ముందుగా కట్టవలసిన మొత్తం ఎంతో కనుక్కుని, అది ఎక్కడినుంచి వస్తుందో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. సీటు వచ్చిన రోజున డబ్బు గురించి మాట్లాడడం మొదలుపెడితే గడువు దాటిపోతుంది. "ఆలస్యం అమృతం విషం" అన్నారు పెద్దలు. ఆలస్యమైతే అమృతం కూడా విషమవుతుంది అని అర్థం.

ఎన్‌ఎస్‌ఫాస్ సహాయం కావలసినవాళ్లు సీటు కోసం ఎదురుచూడకుండా ముందే దరఖాస్తు పెట్టాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3,50,000 రాండ్లు దాటనివాళ్లకు ఆ సహాయం ఉంది. ఆ దరఖాస్తు వేరు, దాని గడువు వేరు. "సీటు వచ్చాక చూద్దాం" అని ఆగితే సీటు వచ్చినా డబ్బు ఉండదు.

ఎవరైనా ఫోన్ చేసి, "లోపల మాకు తెలిసినవాళ్లు ఉన్నారు, ఇంత ఇస్తే లిస్టులో పైకి తెస్తాం" అంటే నమ్మకండి. ప్రతి జనవరిలో ఇలాంటి మోసగాళ్లు బయలుదేరుతారు. డబ్బు పోతుంది, గడువూ పోతుంది.

గేటు దగ్గర నిలబడితే సీటు వస్తుందని కూడా అనుకోకండి. 2012 జనవరిలో జోహానెస్‌బర్గ్‌లో ఒక విశ్వవిద్యాలయం గేటు ముందు, మిగిలిన సీట్ల కోసం తెల్లవారకముందే వేలమంది చేరారు. గేటు తెరవగానే తొక్కిసలాట జరిగింది. కొడుకు కోసం వచ్చిన ఒక తల్లి చనిపోయింది. ఆ వార్త విన్న రోజు నేను అన్నం తినలేకపోయాను. ఆ తల్లి కూడా అది వరుస అనుకుంది. ముందు నిలబడితే ముందు దొరుకుతుంది అనుకుంది. ఇప్పుడు ఎక్కడా సీటు లేనివాళ్ల కోసం ఉన్నత విద్యాశాఖే ఒక ఏర్పాటు చేసింది. సెంట్రల్ అప్లికేషన్స్ క్లియరింగ్ హౌస్ అంటారు, పొట్టిగా క్యాచ్. ఫలితాలు వచ్చాక అందులో పేరు నమోదు చేసుకుంటే, ఖాళీలు ఉన్న సంస్థలు ఆ పేర్లు చూస్తాయి. టీవెట్ కాలేజీల ఖాళీలు కూడా అందులో ఉంటాయి.

ఇక విశ్వవిద్యాలయంలో చేరిపోయిన పిల్లలకు ఒక మాట. చేరాక కూడా "క్లాసు నిండింది" అనే మాట వినవలసి వస్తుంది. మీకు కావలసిన మాడ్యూల్ నిండిపోవచ్చు. మంగళవారం ప్రాక్టికల్ గ్రూపులో చోటు లేకపోవచ్చు. అప్పుడు కంప్యూటర్ తెర చూసి వెనక్కి వచ్చేయకండి. మొదటి రెండు వారాల్లో చాలామంది మాడ్యూళ్లు మార్చుకుంటారు. ఒకరు వెళ్లిపోతే ఒక చోటు ఖాళీ. డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు వెళ్లి పేరు ఇవ్వండి. ఆ మాడ్యూల్ లేకపోతే మీ డిగ్రీ ఆగిపోతుందా, లేక ఇష్టపడి తీసుకుంటున్నారా అనేది స్పష్టంగా చెప్పండి. డిగ్రీకి తప్పనిసరి అయినవాళ్లకు, చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లకు సాధారణంగా ముందు చోటు ఇస్తారు. లెక్చరర్ ఒప్పుకుంటే చోటు తేలేదాకా పాఠాలు వినండి. ఖాళీ వచ్చిన రోజున మీరు వెనకబడి ఉండరు.

ఇక్కడ కొంచెం పాత సంగతి చెప్పాలి. మా అమ్మ తరానికి వెయిటింగ్ లిస్టు అనే మాటే లేదు. మనవాళ్లు సొంత చందాలు వేసుకుని కట్టిన శాస్త్రి కాలేజీ 1929లో తెరిచారు. అది మగపిల్లల హైస్కూలు. నటాల్ విశ్వవిద్యాలయ కళాశాల 1936లో తెల్లవారు కానివాళ్లకు విడిగా క్లాసులు మొదలుపెట్టింది. అవీ శాస్త్రి కాలేజీ గదుల్లోనే, పగలు ఉద్యోగం చేసుకునేవాళ్ల కోసం. 1961లో భారతీయుల కోసం విడిగా కాలేజీ పెట్టారు. ఎక్కడ? డర్బన్ రేవులో సాలిస్‌బరీ దీవి మీద, నౌకాదళం వదిలేసిన పాత గుడిసెల్లో. మా మేనమామ రోజూ పుస్తకాలు చంకలో పెట్టుకుని పడవ ఎక్కి వెళ్లేవాడు. తర్వాత అదే వెస్ట్‌విల్ కొండ మీదికి వెళ్లింది. 2004లో నటాల్ విశ్వవిద్యాలయంతో కలిసిపోయింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, "సీటు లేదు" అనే మాటకు అప్పుడు ఒక అర్థం, ఇప్పుడు ఒక అర్థం. అప్పుడు గదిలో కుర్చీ ఖాళీగా ఉన్నా మనకు ఇవ్వలేదు. ఇప్పుడు కుర్చీలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. మన పెద్దవాళ్లలో కొందరికి ఆ పాత గాయం ఇంకా ఉంది. పిల్లకు సీటు రాకపోతే, "మళ్లీ మనల్ని బయట నిలబెట్టారు" అంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ పిల్ల ముందు ఆ మాట అనకండి. "నువ్వు పనికిరావు" అన్నట్టు తన చెవికి వినిపిస్తుంది. వెయిటింగ్ లిస్టులో పేరు ఉందంటే, "నీకు అర్హత ఉంది, మా దగ్గర చోటు లేదు" అని అర్థం. ఈ వాక్యం పిల్లలకు తెలుగులోనే చెప్పండి.

ఇక మా మనవరాలి సంగతి. కిందటి సంవత్సరం మా పెద్దవాడి కూతురు మెట్రిక్ పాసయింది. ఫిజియోథెరపీ చదవాలని దాని కోరిక. లిస్టులో పేరు ఉందని ఎస్‌ఎంఎస్ వచ్చింది. రెండు రోజులకు బయాలజీ డిగ్రీలో సీటు ఇస్తామని ఇంకో ఎస్‌ఎంఎస్ వచ్చింది. దానికి గడువు ఉంది. అది నా పక్కన కూర్చుని, "అవ్వా, నేనేం చేయాలి?" అంది.

నేను నోరు తెరిచేలోపే మా వాడు గదిలోకి వచ్చాడు. "అమ్మా, ఈసారి ఎవరినీ ఓపిక పట్టమని చెప్పొద్దు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇన్నేళ్లలో ఆ సంగతి వాడి నోటి నుంచి రావడం అదే మొదటిసారి. నేను లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. తిరిగి వచ్చేసరికి తండ్రీ కూతుళ్లు బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద ఆ నాలుగు ప్రశ్నలు రాస్తున్నారు.

జవాబులు వచ్చాయి. బయాలజీలో చేరినా ఫిజియోథెరపీ లిస్టులో పేరు ఉంటుందన్నారు. అది వెంటనే బయాలజీ సీటుకు "సరే" అంది, రిజిస్టర్ అయింది, మొదటి రోజు క్లాసుకు వెళ్లింది. లిస్టు మూసే తేదీని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టింది. ఆ తేదీ వచ్చింది, వెళ్లింది. ఫోను మోగలేదు. ఆ సాయంత్రం అది కొంచెం ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే ల్యాబ్ కోటు ఇస్త్రీ చేసుకుని బస్సెక్కింది. ఇప్పుడు రెండో సంవత్సరానికి వెళుతోంది. "ఇంకా ఎదురుచూస్తున్నావా?" అని అడిగితే, "లేదవ్వా, చదువుకుంటున్నాను" అంది.

మా వాడికి ఆ రోజు నేను చెప్పిన మర్యాద మాట మీద ఇన్నేళ్లు ఆలోచించాను. పక్క సీటు పట్టుకోవడం తప్పా? కాదు. చేతిలో ఉన్నదానికి గడువులోపల "సరే" అనడం తప్పు కాదు. అక్కర్లేదని తెలిశాక కూడా చెప్పకుండా ఉండడమే తప్పు. ఎవరైనా "నాకు వద్దు" అంటేనే జాబితా కదులుతుంది. మీ బిడ్డకు మూడు చోట్ల ఆఫర్ వచ్చిందా? చాలా సంతోషం. ఏది కావాలో తేల్చుకోండి. మిగిలిన రెండింటికి ఆ రోజే "వద్దు, ధన్యవాదాలు" అని పంపండి. దానికి రెండు నిమిషాలు పడుతుంది. మీరు వదిలిన చోటు కోసం ఏదో ఒక ఇంట్లో ఒక పిల్ల ఫోను పక్కన పెట్టుకుని పడుకుంటోంది. ఆ ఇల్లు మన వీధిలోదే కావచ్చు.

ఈ నెల మాటలు

వరుస: లైను, చుట్టరికం. "వరుసలో రండి." "అతను నాకు బావ వరుస."

వంతు: ఒకరి తర్వాత ఒకరికి వచ్చే అవకాశం. "ఇప్పుడు నీ వంతు."

జాబితా: పేర్లు లేదా వస్తువులు రాసిన పట్టిక. "కొట్టుకు వెళ్లే ముందు జాబితా రాసుకో."

గడువు: పని పూర్తి చేయవలసిన చివరి రోజు. "జవాబుకు గడువు శుక్రవారం." "గడువు దాటింది."

ఖాళీ: ఎవరూ లేని చోటు, ఏమీ లేనిది. "ఒక సీటు ఖాళీగా ఉంది." "డబ్బా ఖాళీ."

అర్హత: దేనికైనా తగిన యోగ్యత. "నీకు ఆ కోర్సు చదివే అర్హత ఉంది."

అక్కర్లేదు: అవసరం లేదు. "నాకు ఈ సీటు అక్కర్లేదు, ఇంకొకరికి ఇవ్వండి."

ఇంట్లో సాధన: పై నాలుగు ప్రశ్నల్లో ఒకటి తీసుకుని, అమ్మతోనో తాతతోనో తెలుగులో అడిగి చూడండి. ఒకరు ఫ్యాకల్టీ ఆఫీసులో కూర్చున్నట్టు, ఒకరు విద్యార్థి అయినట్టు మాట్లాడుకోండి. "మీరు", "అండి" మరచిపోవద్దు. ఆఫీసులో "నువ్వు" అనకూడదు!

చివరగా ఒక శుభవార్త. మన ఆదివారం తెలుగు క్లాసుకు వెయిటింగ్ లిస్టు లేదు. కుర్చీలు చాలా ఖాళీగా ఉన్నాయి. పాయింట్లు కూడా అడగరు. ఆ క్లాసు కూడా ఒకరోజు నిండిపోయి, "చోటు లేదండీ, పేరు రాసుకుంటాం" అని నేను ఎవరితోనైనా చెప్పాలని నా ఆశ. అంతవరకు ఎవరు వచ్చినా ఆ రోజే వాళ్ల వంతు.

వచ్చే నెల ఇంకో మాటతో కలుద్దాం.